బండి రిజర్వులో పడ్డాక ఎంత దూరం నమ్మవచ్చు? (అచ్చంపేట – అమ్రాబాద్ దారి)

ప్రశ్న: అచ్చంపేట బాటసారి

నేను అచ్చంపేటలో ఉంటూ అమ్రాబాద్, పదర మండలాల గ్రామాలకు పశువైద్య సహాయకుడిగా తిరుగుతున్నాను. నా బండి 2012లో కొన్న స్ప్లెండర్. కార్బొరేటర్ బండి కనుక ట్యాంకు కింద ఎడమవైపున పెట్రోల్ కాక్ (పెట్రోల్‌ను వదలడానికి, ఆపడానికి, రిజర్వుకు మార్చడానికి తిప్పే మీట) ఉంది. మీటర్ బోర్డులోని పెట్రోల్ ముల్లు కొన్నేళ్ల కిందటే పనిచేయడం మానేసింది. అప్పటి నుంచి ట్యాంకు మూత తీసి లోపలికి చూడడం, బండిని అటూ ఇటూ ఊపి చప్పుడు వినడం, ఇవే నాకు తెలిసిన కొలతలు. రోజుకు డెబ్బై, ఎనభై కిలోమీటర్లు తిరుగుతాను. మందుల పెట్టె, ఐస్ డబ్బా వెనక కట్టి ఉంటాయి. కొన్ని రోజులు సహోద్యోగి కూడా నాతో వస్తారు.

పోయిన నెలలో వటవర్లపల్లి వైపు ఒక శిబిరం ముగించుకొని సాయంత్రం మన్ననూరుకు తిరిగి వస్తుండగా అడవి మధ్యలో బండి ఆగిపోయింది. రిజర్వు పడిందనుకొని కాక్ తిప్పబోతే అది అప్పటికే రిజర్వు మీద ఉంది. ముందు రోజు రిజర్వు పడినప్పుడు తిప్పి, తరువాత బంకులో నూరు రూపాయల పెట్రోల్ పోయించుకొని, కాక్‌ను తిరిగి మామూలు స్థానానికి తేవడం మరిచిపోయాను. ఆ విధంగా నాకు రావలసిన హెచ్చరిక రాకుండానే ట్యాంకు పూర్తిగా ఖాళీ అయింది. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిది గంటలకు మూసి తెల్లవారి ఆరింటికి తెరుస్తారు. ఆ వేళ దాటితే దారిలో సాయానికి వచ్చే వాహనం కూడా ఉండదు. చీకటి పడేలోపు ఒక జీపు వారు ఆగి, తమ దగ్గరున్న డబ్బాలోంచి కొంచెం పెట్రోల్ పోయడం వల్ల ఇల్లు చేరాను.

నేను అడగదలచినవి ఇవి. ఈ బండి రిజర్వులో పడ్డాక ఎంత దూరం వెళ్తుందని నమ్మవచ్చు? సహోద్యోగులలో ఒకరు ముప్పై అంటారు, మరొకరు ఎనభై అంటారు; ఇంత తేడా ఎందుకు వస్తుంది? నా బండి సంగతి నేనే ఇంటి దగ్గర కొలిచి తెలుసుకొనే మార్గం ఉందా? మా తమ్ముడు ఈ మధ్య కొన్న బండికి కాక్ అసలే లేదు. దానిలో రిజర్వు అంటే దేన్ని అనుకోవాలి?

జవాబు 1: దేవరకొండ వాసి

నా దగ్గరున్నదీ అటువంటి పాత బండే. ఒకసారి మల్లేపల్లి దాటాక రిజర్వు పడితే, పట్టుదలగా ఎక్కడా పోయించకుండా 75 కిలోమీటర్లు నడిపాను, అప్పుడూ ఆగలేదు. మీరు కాక్ సంగతి ఒక్కటి గుర్తుంచుకుంటే అరవై కిలోమీటర్ల వరకు భయపడవలసిన పని లేదని నా అనుభవం.

జవాబు 2: నల్లగొండ మెకానిక్

నేను ఇరవై రెండేళ్లుగా నల్లగొండలో బండ్లు బాగుచేస్తున్నాను. దేవరకొండ మిత్రుని అనుభవం నిజమే అయి ఉండవచ్చు. అయితే ఒక బండి ఒకసారి నడిచిన దూరాన్ని ఇంకో బండికి, అందులోనూ అడవి దారిలో తిరిగే మనిషికి ఆధారంగా ఇవ్వకూడదని సవినయంగా మనవి చేస్తున్నాను. నా దుకాణానికి తోసుకుంటూ వచ్చినవారిలో చాలామంది "మొన్న ఇంతే పెట్రోల్‌తో ఊరు చేరాను" అని చెప్పినవారే.

ముందుగా రిజర్వు అనే మాటను సరిగా అర్థం చేసుకోవాలి. చాలామంది రిజర్వు అంటే ట్యాంకులో వేరే అర ఉందని, దానిలో పెట్రోల్ విడిగా నిల్వ ఉంటుందని అనుకుంటారు. ట్యాంకు ఒక్కటే, పెట్రోల్ ఒక్కటే. కాక్‌ను విప్పి చూస్తే ట్యాంకు లోపలికి పోయే భాగంలో రెండు దారులు కనిపిస్తాయి: ఒకటి నిలువుగా పైకి లేచిన సన్నని గొట్టం, రెండోది అడుగునే ఉండే రంధ్రం. కాక్ మామూలు స్థానంలో ఉన్నప్పుడు పెట్రోల్ ఆ గొట్టం పైకొన నుంచే దిగుతుంది, కాబట్టి పెట్రోల్ మట్టం గొట్టం కొన కంటే కిందికి దిగగానే సరఫరా ఆగిపోతుంది. రిజర్వుకు తిప్పినప్పుడు అడుగు రంధ్రం తెరుచుకొని, గొట్టం ఎత్తుకు కింద మిగిలిన పెట్రోల్ వస్తుంది. ఆ గొట్టం ఎత్తే మీ రిజర్వు. పాత కాక్ చెడిపోయి బజారులో దొరికిన వేరే రకం కాక్ వేయించుకున్న బండ్లలో గొట్టం పొట్టిగా ఉంటే రిజర్వు తగ్గిపోతుంది, పొడుగ్గా ఉంటే పెరుగుతుంది. ఇద్దరి బండి ఒకటే అయినా ఇద్దరి రిజర్వు ఒకటి కాకపోవడానికి నేను చూసిన మొదటి కారణం ఇది. 2012 బండికి ఇప్పటికి ఒకసారైనా కాక్ మారి ఉంటుందని నా అంచనా.

రెండో కారణం ట్యాంకు ఆకారం. మోటార్ సైకిల్ ట్యాంకు గుర్రం మీది జీనులాగా ఛాసిస్ గొట్టానికి రెండు వైపులా దిగి ఉంటుంది. మట్టం బాగా తగ్గాక కుడి భాగంలోని పెట్రోల్‌కూ ఎడమ భాగంలోని పెట్రోల్‌కూ సంబంధం తెగిపోతుంది. కాక్ ఎడమవైపున ఉంటే కుడి భాగంలో చిక్కుకున్నది తనంతట తాను రాదు. బండి పూర్తిగా ఆగిపోయినప్పుడు దాన్ని కాక్ ఉన్న వైపుకు బాగా వంచి, కొన్ని క్షణాలు ఉంచి, తిరిగి నిలబెట్టి కిక్ కొడితే అది ఈ వైపుకు వచ్చి చేరుతుంది. ఆ రోజు మీకు ఈ సంగతి తెలిసి ఉంటే బహుశా మరో నాలుగైదు కిలోమీటర్లు గడిచేవి. అయితే దీన్ని లెక్కలో కలపకండి, ఆపదకు ఉంచుకోండి.

మూడో సంగతి చెప్పే ముందు ఒక హెచ్చరిక. ఆగిన ప్రతి బండీ రిజర్వు పడి ఆగినట్టు కాదు. ట్యాంకు మూతకు గాలి లోపలికి పోవడానికి సన్నని దారి ఉంటుంది. మన ప్రాంతపు ఎర్రమట్టి దుమ్ముతో అది మూసుకుపోతే, పెట్రోల్ దిగుతున్నకొద్దీ లోపల గాలి చాలక, ట్యాంకు సగం నిండి ఉన్నా పెట్రోల్ దిగడం ఆగిపోతుంది. మూత తీయగానే "స్స్" అని గాలి పీల్చిన చప్పుడు వచ్చి, తరువాత బండి చక్కగా నడిస్తే లోపం మూతలో ఉందని తెలుసుకోండి. రిజర్వు పడిందనుకొని ఆత్రంగా బంకు వెతుక్కుంటూ వచ్చి, ట్యాంకు నిండుగా ఉండడం చూసి ఆశ్చర్యపోయినవారు నాకు తెలుసు.

ఇక మూడోది, అడుగున చేరే మురికి. ట్యాంకు లోపలి తుప్పు, బంకుల నుంచో సీసా పెట్రోల్ నుంచో వచ్చిన నీరు, ఇవన్నీ పెట్రోల్ కంటే బరువైనవి కనుక అడుగుకే చేరుతాయి. రిజర్వు రంధ్రం ఉన్నదీ అక్కడే. ఏళ్ల తరబడి రిజర్వు వాడని బండిలో అత్యవసరంగా కాక్ తిప్పితే పెట్రోల్‌కు బదులు నీటి బొట్లు, తుప్పు పొడి కార్బొరేటర్‌లోకి దిగి, పెట్రోల్ ఉండి కూడా బండి మొరాయిస్తుంది. ఈ మధ్య పెట్రోల్‌లో ఎథనాల్ ఎక్కువ కలుపుతున్నారు. ఎథనాల్ కొంత తేమను తనలో పట్టి ఉంచుతుంది కానీ, నీరు మోతాదు మించితే నీటితో కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుగుకు దిగుతుంది. అందువల్ల నెలకొకసారి ఊరి దగ్గర ఉన్నప్పుడే కాక్‌ను రిజర్వుకు తిప్పి నాలుగు కిలోమీటర్లు నడిపి, తిరిగి మామూలు స్థానానికి తేవాలి. కాక్ కింద చిన్న గిన్నె ఉన్న రకమైతే, ఆరు నెలలకొకసారి దాన్ని విప్పి కడిగించుకోవాలి.

కొలత విషయానికి వస్తే, ఇంటి దగ్గర సులువుగా చేయవచ్చు. ట్యాంకులో రెండు లీటర్లకు మించి లేని రోజున, ఇంజన్ పూర్తిగా చల్లబడ్డాక, పొయ్యికీ దీపానికీ బీడీకీ దూరంగా ఆరుబయట, బండిని డబుల్ స్టాండ్ మీద నిలబెట్టండి. కాక్ మూసి, కార్బొరేటర్ దగ్గర పెట్రోల్ పైపు ఊడదీసి, దాని కొనను ఒక లోహపు పాత్రలో పెట్టి, కాక్‌ను మామూలు స్థానానికి తిప్పండి. ధార దానంతట అది ఆగేదాకా ఉంచండి. ఆ వచ్చినది రిజర్వు కాదు, దాన్ని పక్కన పెట్టండి. తరువాత ఖాళీ పాత్ర పెట్టి రిజర్వుకు తిప్పండి, ధార ఆగేదాకా ఆగండి. ఈ రెండో పాత్రలోనిది కొలిస్తే మీ బండి రిజర్వు ఎంతో మిల్లీలీటర్లతో సహా తెలుస్తుంది. ఆ తరువాత బండిని కాక్ వైపు వంచితే ఇంకా ఎంత వస్తుందో కూడా చూడండి, కానీ దాన్ని విడిగా రాసుకోండి. ఆ పాత్రను మళ్లీ వంటింట్లోకి తీసుకుపోకండి. బండి పుస్తకంలో రాసిన రిజర్వు అంకె కొత్త బండికి, కంపెనీ కాక్‌కు సంబంధించినది. దాన్ని చదవండి, కానీ మీ కొలతనే నమ్మండి.

జవాబు 3: పాలమూరు అధ్యాపకుడు

మెకానిక్ గారు చెప్పినది ప్రతి ఒక్కరూ తెలుసుకోవలసినది. రిజర్వు ఎన్ని లీటర్లో తెలియడంతో సగం ప్రశ్నకు జవాబు దొరికింది. మిగతా సగం, ఆ లీటరు మీ దారిలో ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందన్నది. ముప్పై, ఎనభై అనే తేడా ఎక్కువగా ఇక్కడే పుడుతుంది.

మనలో చాలామంది మైలేజీ అడిగితే తమ బండి ఇచ్చిన అన్నిటికంటే మంచి అంకెను చెబుతారు. కంపెనీ ప్రకటించే అంకె కూడా నిర్ణీత పరీక్ష పద్ధతిలో వచ్చినది. రిజర్వు విషయంలో మాత్రం మంచి అంకెతో లెక్క వేసేవాడు దారిలో ఆగిపోతాడు. మీకు కావలసినది, వెనక బరువుతో, ఘాట్‌లో, రెండో గేరు మూడో గేరులో, ఎండలో, ఎదురుగాలిలో మీ బండి ఇచ్చిన అన్నిటికంటే తక్కువ మైలేజీ.

దాన్ని కనుక్కోవడానికి ఫుల్ ట్యాంక్ పద్ధతి కంటే మేలైనది లేదు. ఒక బంకులో బండిని డబుల్ స్టాండ్ మీద నిలబెట్టి ట్యాంకు నింపించి, మీటర్ అంకె రాసుకోండి. మీరు మామూలుగా తిరిగే దారుల్లోనే కనీసం రెండు వందల కిలోమీటర్లు తిరిగాక, అదే బంకులో, వీలైతే అదే పంపు దగ్గర, మళ్లీ డబుల్ స్టాండ్ మీద అదే మట్టానికి నింపించండి. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగించండి. ఒకసారి సైడ్ స్టాండ్ మీద, మరోసారి నిలువుగా నింపితే పావు లీటరు తేడా సులువుగా వస్తుంది, లెక్కంతా తప్పుతుంది. ఒంటరిగా తిరిగిన వారం ఒక లెక్క, మనిషినీ పెట్టెనూ ఎక్కించుకొని తిరిగిన వారం ఒక లెక్క, వేరువేరుగా రాయండి. ట్యాంకును మూతి అంచు దాకా నింపించడం మాత్రం వద్దు. పెట్రోల్ పది డిగ్రీల వేడికి సుమారు ఒక శాతం వ్యాకోచిస్తుంది. మన పాలమూరు, నల్లగొండ జిల్లాల మే నెల ఎండలో నిండు ట్యాంకుతో బండిని నిలిపితే పది లీటర్లకు నూరు మిల్లీలీటర్లకు పైగా మూత సందులోంచి బయటికి రావడం నేను కళ్లారా చూశాను.

వేగం సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే రిజర్వు పడ్డాక మన చేతిలో ఉండేది అదొక్కటే. గాలి అడ్డంకి వేగపు వర్గంతో పెరుగుతుంది. 50 కిలోమీటర్ల వేగంతో పోల్చితే 80 దగ్గర ఆ అడ్డంకి రెండున్నర రెట్లకు కొంచెం పైన ఉంటుంది. నేను మహబూబ్‌నగర్ నుంచి దేవరకద్ర, మరికల్, మక్తల్ మీదుగా రాయచూరు దారిలో, నూరు కిలోమీటర్లకు పైబడిన ప్రయాణంలో, ఒకే బండిని ఒకసారి 50 దగ్గర, మరోసారి 75 దగ్గర నిలకడగా నడిపి చూశాను. మొదటిసారి లీటరుకు 64, రెండోసారి 51 వచ్చింది. రిజర్వు పడగానే భయంతో "తొందరగా బంకు చేరాలి" అని యాక్సిలరేటర్ తిప్పేవారు, చేరగల దూరాన్ని తామే తగ్గించుకుంటున్నారు. నలభై నుంచి యాభై మధ్య, టాప్ గేరులో, అనవసరపు బ్రేకులు లేకుండా నడపడమే సరైన పద్ధతి.

ఎథనాల్ గురించి చాలా భయాలు ప్రచారంలో ఉన్నాయి కనుక ఒక మాట. ఒక లీటరు ఎథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్‌లో ఉండే శక్తిలో సుమారు మూడింట రెండు వంతులే. అందువల్ల 20 శాతం ఎథనాల్ కలిపిన పెట్రోల్‌తో మైలేజీ కొంత తగ్గడం సహజం. 2021లో నీతి ఆయోగ్ వెలువరించిన ప్రణాళికా పత్రంలో, పాత తరహా ద్విచక్ర వాహనాలకు ఈ తగ్గుదల 3 నుంచి 4 శాతం ఉంటుందని అంచనా వేశారు. అంటే 60 ఇచ్చే బండి 58 దాకా ఇస్తుంది. మీ బండి 60 నుంచి 45కు పడితే కారణం ఎథనాల్ అని సరిపెట్టుకోకండి. ఎయిర్ ఫిల్టర్, టైర్లలో గాలి, చైన్, పట్టి ఉన్న బ్రేకు, ఈ నాలుగూ చూపించుకోండి.

ఇప్పుడు దూరం లెక్క. మీరు కొలిచిన రిజర్వు లీటర్లను మీ అతి తక్కువ మైలేజీతో గుణించి, వచ్చిన దానిలో నాలుగో వంతు తీసివేయండి. మిగిలినదే నమ్మదగిన దూరం. నాలుగో వంతు ఎందుకు తీయాలంటే, బంకు చేరాక అది మూసి ఉండవచ్చు, నిల్వ లేదనవచ్చు, కరెంటు లేక పంపు ఆగి ఉండవచ్చు. రిజర్వు దూరాన్ని మొదటి బంకు వరకు కాకుండా రెండో బంకు వరకు లెక్క వేసుకోవాలి. జడ్చర్ల నుంచి భూత్పూర్, కొత్తకోట మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద ఈ జాగ్రత్త అంతగా అవసరం లేదు, అక్కడ బంకులు తరచుగా వస్తాయి. మీ దారి అటువంటిది కాదు. మన్ననూరు దాటాక యాభై కిలోమీటర్లకు పైగా అడవే కనుక, రిజర్వు పడిన బండితో చెక్‌పోస్టు లోపలికి అసలు పోకూడదన్నది నా అభిప్రాయం. అచ్చంపేటలో బయల్దేరేటప్పుడే, రాకపోకలు రెండూ రిజర్వు ముట్టకుండా పూర్తయ్యేంత పెట్రోల్ ఉండాలి.

నూరు రూపాయల పెట్రోల్ అలవాటు గురించి కూడా మీరు ఆలోచించాలని కోరుతున్నాను. ఇప్పటి ధరకు నూరు రూపాయలకు లీటరు కూడా రాదు. రిజర్వు లీటరు పైన ఉన్న బండిలో, ఖాళీ అయ్యాక లీటరు కంటే తక్కువ పోయిస్తే మట్టం ఆ గొట్టం కొనను చేరనే చేరదు, కాక్‌ను మామూలు స్థానానికి తిప్పితే బండి నడవదు. కాబట్టి మనిషి కాక్‌ను రిజర్వు మీదే వదిలేస్తాడు. మీరు దాన్ని మతిమరుపు అన్నారు కానీ, ఈ అలవాటు ఉన్నవారందరికీ అది తప్పనిసరిగా జరిగేదే. ఒక్కసారి మూడు నాలుగు లీటర్లు పోయించుకొని, ఆ తరువాత వాడినంత నింపుతూ పోతే ఖర్చు నెలకు అంతే అవుతుంది, హెచ్చరిక మాత్రం మీ చేతిలో ఉంటుంది.

జవాబు 4: హాలియా ఉద్యోగిని

కాక్ లేని బండి గురించి ఎవరూ చెప్పలేదు కనుక నేను రాస్తున్నాను. నేను బ్యాంకు పని మీద హాలియా, పెద్దవూర, నాగార్జునసాగర్ వైపు స్కూటర్ మీద తిరుగుతాను. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 అనే కాలుష్య నియంత్రణ నిబంధనలు వచ్చాక బండ్లు చాలావరకు ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. వీటిలో పెట్రోల్‌ను ట్యాంకు లోపల ఉండే కరెంటు పంపు తోస్తుంది. తిప్పడానికి కాక్ లేదు. మీటర్‌లో చివరి గీత మినుకుమినుకుమనడం లేదా పసుపు దీపం వెలగడమే రిజర్వు పడిందన్న గుర్తు. దాన్ని మరిచిపోయి వదిలేసే ప్రమాదం లేదు, కానీ చూడకుండా ఉండే ప్రమాదం ఉంది: పాత బండి ఆగి చెబుతుంది, కొత్త బండి ఆగకుండా చెబుతుంది.

ఈ బండ్లను చివరి బొట్టు దాకా నడపడం తగదు. పంపు పెట్రోల్‌లో మునిగి ఉండడం వల్లనే చల్లగా ఉంటుంది. పదేపదే ట్యాంకు ఎండగొడితే పంపు వేడెక్కి చెడిపోతుంది, దాన్ని మార్చే ఖర్చు పాత కాక్ మార్చినంత తేలిక కాదు. ఒకవేళ ఖాళీ అయి ఆగితే, పెట్రోల్ పోశాక వెంటనే సెల్ఫ్ నొక్కకుండా, తాళం తిప్పి పంపు చప్పుడు ఆగేదాకా రెండు మూడు క్షణాలు ఉండి, అలా రెండుసార్లు చేసి అప్పుడు స్టార్ట్ చేయమని మా మెకానిక్ నేర్పారు. కొన్ని బండ్లు "ఇంకా ఇన్ని కిలోమీటర్లు పోతుంది" అని అంకె కూడా చూపిస్తాయి. అది కిందటి కొద్ది దూరంలో మీరు నడిపిన తీరును బట్టి వేసే లెక్క. సాగర్ దగ్గర సాఫు రోడ్డు మీద 40 చూపిన అంకె ఎత్తు ఎక్కేసరికి 28కి దిగడం నేను చూశాను. మీ తమ్ముడిని దీపం వెలిగినప్పుడల్లా మీటర్ అంకె రాసుకొని, వెంటనే ట్యాంకు నింపించి, ఎన్ని లీటర్లు పట్టాయో చూడమనండి. ట్యాంకు సామర్థ్యంలోంచి అది తీసివేస్తే దీపం వెలిగినప్పుడు లోపల ఎంత ఉందో తెలుస్తుంది. మూడు నాలుగు సార్లు చేస్తే అంకె స్థిరపడుతుంది.

ఇంకొక మాట. సీటు కింద ప్లాస్టిక్ సీసాలో పెట్రోల్ పెట్టుకొని తిరిగేవారిని మా వైపు చూస్తుంటాను. ఎండకు ఆ సీసా ఉబ్బి మూత దగ్గర ఆవిరి కారుతుంది. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి.

ప్రశ్న వేసినవారి తిరుగు సందేశం: అచ్చంపేట బాటసారి

అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాలు ఆగి కొలిచి రాస్తున్నాను.

మెకానిక్ గారు చెప్పినట్టే పైపు ఊడదీసి కొలిచాను. మొదట ధార ఆగాక రిజర్వుకు తిప్పితే రెండో పాత్రలో కొంత తుప్పు పొడి, అడుగున శనగగింజంత నీటి బొట్లు రెండు మూడు కనిపించాయి. రిజర్వు 1 లీటరు 100 మిల్లీలీటర్లు వచ్చింది. బండిని ఎడమవైపుకు వంచాక మరో 150 మిల్లీలీటర్లు దిగింది. దాన్ని విడిగా రాసుకున్నాను. మీరు ఊహించినట్టే నా కాక్ కంపెనీది కాదు. నాలుగేళ్ల కిందట మార్పించినట్టు ఇంట్లో పాత బిల్లు దొరికింది.

మైలేజీ రెండుసార్లు చూశాను. ఒంటరిగా, ఎక్కువగా అచ్చంపేట చుట్టుపక్కల తిరిగిన వారంలో 317 కిలోమీటర్లకు 5.2 లీటర్లు పట్టింది, అంటే 61. సహోద్యోగితోనూ మందుల పెట్టెతోనూ అమ్రాబాద్ ఎత్తు ఎక్కి దిగిన వారంలో 226 కిలోమీటర్లకు 4.6 లీటర్లు పట్టింది, అంటే 49. అధ్యాపకుల వారి లెక్క ప్రకారం 1.1ను 49తో గుణిస్తే 54. దానిలో నాలుగో వంతు తీస్తే 40. ఈ 40 అనే అంకెను రంగుతో ట్యాంకు మీద, మూత పక్కనే రాసుకున్నాను. ఎనభై అని చెప్పిన సహోద్యోగి బండిని కూడా అదే రోజు కొలిచాం. ఆయన రిజర్వు 1 లీటరు 400 ఉంది, ఒంటరిగా మైదానంలోనే తిరుగుతారు కనుక ఆయన మాటలో అబద్ధం లేదు. అది నా బండికి పనికిరాదు, అంతే.

ఒక సందేహం మిగిలింది. మొన్న ఈగలపెంట నుంచి ఘాట్ దిగుతున్నప్పుడు రిజర్వు పడినట్టు బండి గుంజడం మానేసింది. కాక్ తిప్పాను. శ్రీశైలం డ్యామ్ దగ్గర సమతలానికి వచ్చాక పరీక్షగా మామూలు స్థానానికి తెస్తే మళ్లీ పదిహేను కిలోమీటర్లు అలాగే నడిచింది. కాక్‌లో ఏదైనా లోపం ఉందా?

జవాబు 5: నల్లగొండ మెకానిక్

లోపం లేదు. మీ బండి కాక్ ట్యాంకు వెనక భాగంలో ఉంటుంది. ఘాట్ దిగేటప్పుడు పెట్రోల్ ముందుకు జరిగి గొట్టం కొన గాలిలో తేలుతుంది, అందువల్ల రిజర్వు ముందే పడినట్టు అవుతుంది. సమతలానికి రాగానే మట్టం సర్దుకొని మళ్లీ అందుతుంది. ఎక్కేటప్పుడు దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది: పెట్రోల్ వెనక్కు జరిగి కాక్ వైపు చేరుతుంది కనుక రిజర్వు పడడం ఆలస్యమవుతుంది, పైకి చేరి దిగడం మొదలుపెట్టగానే ఒక్కసారిగా పడుతుంది. కాబట్టి మీ 40 కిలోమీటర్లను ఘాట్‌లో బండి తడబడిన చోటు నుంచి కాకుండా, ఘాట్ ఎక్కడం మొదలుపెట్టిన చోటు నుంచి లెక్క పెట్టుకోండి. నీటి బొట్లు కనిపించాయన్నారు కనుక ఈ వారంలోనే ట్యాంకు దించి కడిగించి, మూతకున్న రబ్బరు చుట్టును కూడా మార్పించండి. వాన నీరు ఎక్కువగా దిగేది ఆ రబ్బరు ఎండిపోయిన చోటు నుంచే.